వానయు సైకిలును

తెలుగునాట బడులు తెఱచు దినములును, తొలకరి వచ్చు దినములును ఇంచుమించు ఒక్కటియే. వేసవి సెలవుల పిమ్మట జూన్ 12వ తేదీ ప్రాంతమున పాఠశాలలు మఱల ప్రారంభమగుట వాడుక. నైరుతి ఋతుపవనము సాధారణముగా జూన్ 1వ తేదీకి కేరళ తీరమును తాకి, మఱి పది పండ్రెండు దినములలో తెలుగు నేలపై వ్యాపించును. మృగశిర కార్తె ప్రవేశించి రైతు దుక్కికి సిద్ధమగు వేళకే, అతని బిడ్డయు క్రొత్త పుస్తకముల సంచితో బడికి సిద్ధమగును. చేను తడిసినదని తండ్రి సంతసించు ఉదయముననే, బాట తడిసినదని బిడ్డ ముఖము చిన్నబుచ్చుకొనును. వాన ఒక్కటియే, చూచు కన్నులు వేఱు.

ప్రాథమిక పాఠశాల సాధారణముగా ఊరిలోనే యుండును. ఉన్నత పాఠశాల యట్లు కాదు. పెక్కు గ్రామముల పిల్లలు దానికై మూడు నాలుగు కిలోమీటర్లు, ఒక్కొక్కచో అంతకంటె నెక్కువ దూరము పోవలసి యుందురు. బస్సు వేళకు రాని చోటను, ఆటోకు డబ్బు చాలని యింటను సైకిలే ఆధారము. ఎండ కాయు దినములలో పావుగంటలో ముగియు ఆ దారి వానలో ఆమడ దూరమై తోచును. సైకిలు వసారాలో నిలిచి యుండును. దాని నెక్కవలసిన విద్యార్థి గడపలో నిలిచి, చూరునుండి జాఱు నీటిధారలను చూచుచుండును. "ఈ యొక్కనాటికి మానిన నేమి?" అను ప్రశ్న అప్పుడు పుట్టును.

ప్రశ్న చిన్నది, దాని ఫలము చిన్నది కాదు. నైరుతి వానలు జూన్ మొదలు సెప్టెంబరు వఱకు నాలుగు నెలలు. కోస్తా దక్షిణ భాగమున, నెల్లూరు ప్రాంతములందు, ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరు నుండి డిసెంబరు వఱకు సాగును. విద్యాసంవత్సరములో పెద్ద భాగము వానల నడుమనే గడచునన్న మాట. ఒక్కనాడే కదా యనుకొన్నది వారమున కొక్కనాడైనను, సంవత్సరాంతమునకు ఎన్ని పాఠములు తప్పిపోవునో లెక్కించుట కష్టము కాదు. గణితమున ఒక మెట్టు తెలియనివానికి తరువాతి మెట్టును అందదు. తప్పిన పాఠము ఒంటరిగా పోదు. తన వెనుక వచ్చు పాఠములను కూడ వెంటబెట్టుకొని పోవును.

అయినచో వానలో సైకి లెక్కుటకు వలసిన ఉత్సాహ మెచ్చటినుండి వచ్చును? కొందఱు పుట్టుకతోనే ఉత్సాహవంతు లనియు, కొందఱికి ఆ గుణము లేదనియు పలువురు తలంతురు. "మనసు పుట్టలేదు, కావున పోలేదు" అని సమాధానము చెప్పుకొందురు. ఈ తలంపు సరియైనది కాదు. ఉత్సాహము వీధిలోని చేతిపంపు నీటివంటిది. పంపు క్రింద బిందె పెట్టి ఎదురు చూచుచు కూర్చుండిన నీరు రాదు. నాలుగు మాఱులు కొట్టిన పిమ్మటనే నీరు పైకి వచ్చును. అట్లే ఉత్సాహము పనికి ముందుగా రాదు. పని మొదలిడిన తరువాతనే వచ్చును. వానలో బయలుదేరినవా రందఱును దీని నెఱుగుదురు. మొదటి చినుకులు మెడపై పడినప్పుడు దేహము ముడుచుకొనును. ఊరి పొలిమేర దాటునప్పటికి కాళ్ళు వేడెక్కును, ఊపిరి కుదుటపడును, వాన అంత కఠినముగా తోచదు. గడపలోనుండి చూచిన వాన వేఱు. బాటపై ఎదురైన వాన వేఱు.

తెల్లవాఱక ముందే వార్తాపత్రికలు పంచువారిని గమనించిన ఈ సంగతి మఱింత స్పష్టమగును. వాన పడుచున్నదని వారు ఇంట నుండరు. పత్రికల కట్టపై పాలిథీను సంచి కప్పి, సైకిలు వెనుక కట్టుకొని వీధివీధి తిరుగుదురు. సైకిలుకు రెండు వైపుల బిందెలు తగిలించుకొని పొరుగూరినుండి పాలు తెచ్చువారును అంతే. వీరిలో ఎవ్వరును వాన చినుకులను చూచి ఉప్పొంగి బయలుదేరరు. వీరికిని పడకపై వెచ్చగా నుండవలెనని యుండును. అయినను పోవలెనా, మానవలెనా అను ప్రశ్న వీరి గడపలో ప్రతిదినము పుట్టదు. ఆ విషయము వారు ఆ పనిని చేపట్టిన నాడే తేలిపోయినది. ప్రశ్న లేనిచోట మనసు ఊగులాడుటకు తావులేదు.

విద్యార్థులు వీరివద్ద నేర్వదగిన సంగతి యిదియే. వానలో పోవుటయో మానుటయో గడపలో నిలిచి నిర్ణయింపరాదు. గడప మంచి న్యాయస్థానము కాదు. అక్కడ వాదించునది సోమరితనము. సాక్ష్యము చెప్పునది చలి. తీర్పు ముందే తెలిసినది. ఏ వానలో పోవలెనో, ఏ వానలో ఆగవలెనో, ఆకాశము నిర్మలముగా నున్న సాయంకాలమున, తల్లిదండ్రులతో కూర్చుండి ఆలోచించి, ఒక్కమాఱు నిశ్చయించుకొనవలెను. పిమ్మట ఉదయమున చేయవలసినది ఆ నిశ్చయమును అమలు పఱచుట మాత్రమే.

అట్లు ఆలోచించునప్పుడు మొదట వాన ఎంతటిదో తెలియవలెను. వాతావరణ శాఖవారు ఒక దినమున 2.5 మిల్లీమీటర్లుగాని, అంతకు మించిగాని వాన కురిసిననే దానిని వానదినముగా లెక్కింతురు. అట్టి దినములు హైదరాబాదున సంవత్సరమునకు సుమారు 50. ఆ దినములలోను ఉదయమునుండి రాత్రివఱకు ఎడతెగక కురియునవి కొన్నియే. పెక్కు వానలు ఒక జల్లుగా వచ్చి, గంటయో రెండు గంటలో కురిసి వెలియును. ఆ జల్లు బడికి పోవు అరగంటలోనో, తిరిగి వచ్చు అరగంటలోనో పడు సందర్భములు తలచినన్ని యుండవు. విద్యార్థి ఒక నెలపాటు గోడమీది క్యాలెండరులో, తాను సైకి లెక్కిన వేళ నిజముగా వాన పడిన దినములకు గుఱుతు పెట్టుకొనినచో, తన భయము పెద్దదో వాన పెద్దదో తానే తెలిసికొనును. పది నిమిషములు ముందుగా బయలుదేరినవానికిని, పావుగంట ఓపిక పట్టినవానికిని పెక్కు జల్లులు తప్పిపోవును. "వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరి కెఱుక" అని పెద్దలనిరి. ఈనాడు వాన రాకడను వాతావరణ శాఖవారు కొంతవఱకు ముందుగానే తెలుపుచున్నారు. ఆ సూచనను రాత్రియే చూచుకొనుట తెలివి.

వానలో సైకిలు తొక్కుట యనగానే నెదర్లాండ్సు దేశము పేరు వినవచ్చును. అక్కడ జనుల సంఖ్యకంటె సైకిళ్ళ సంఖ్య ఎక్కువ. సంవత్సరమునకు అక్కడ కురియు వాన ఎనిమిది వందల మిల్లీమీటర్లకు కొంచెము పైబడి యుండును. హైదరాబాదు వానకును దానికిని పెద్ద భేదము లేదు. అయితే అక్కడి వాన నాలుగు నెలలకు పరిమితము కాదు. ఏడాది పొడుగున, చలికాలమునను, చల్లని గాలితో కలిసి కురియును. ఆ వానలోనే పిల్లలు బడులకును, పెద్దలు కార్యాలయములకును సైకిళ్ళపై పోవుచుందురు. దీనిని చూచి ఆ జనుల రక్తములోనే ఏదో ప్రత్యేకత కలదని భావించుట పొరపాటు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆ దేశమునను కార్లు పెరిగి సైకిళ్ళు తగ్గెను. 1971లో అచ్చటి రహదారులపై మూడువేలమందికి పైగా మరణించిరి. వారిలో నాలుగువందలమందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చి, పిల్లల ప్రాణములు కాపాడుడని ఉద్యమము నడపిరి. 1973లో చమురు కొఱత ఏర్పడగా ప్రభుత్వము కొన్ని ఆదివారములు కార్లు నడుపరాదని ఆజ్ఞాపించెను. ఆ పిమ్మట క్రమక్రమముగా సైకిళ్ళకు వేఱు బాటలు వేసిరి. బాట బాగుపడినది, భయము తగ్గినది, సైకిలుపై పోవు అలవాటు తిరిగి బలపడినది. వారి ఉత్సాహము ఆకాశమునుండి ఊడిపడలేదు. దానిని మనుష్యులు కోరి, కూడి, కట్టుకొనిరి.

వానతో మనుష్యుడు చేసిన పోరాటపు చరిత్రయు ఇదే మాట చెప్పును. 1823లో గ్లాస్గో నగరమున చార్లెస్ మాకింటాష్ అను రసాయనవేత్త, కరగించిన రబ్బరును రెండు బట్టల నడుమ పూసి, నీరు చొరని వస్త్రమునకు పేటెంటు పొందెను. ఆ వస్త్రము ఎండలో జిగటయై, చలిలో కట్టెవలె బిగిసిపోయెడిది. రబ్బరును గంధకముతో కలిపి కాచిన ఆ దోషము తొలగునని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొని, 1844లో పేటెంటు తీసికొనెను. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు గాలి నింపిన టైరుకు పేటెంటు పొందెను. తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి కుదుపు లేక నడువవలెనని అతడు మొదట ఆ టైరును తయారుచేసెను. నేటి వానకోటును, నేటి సైకిలు చక్రమును ఒకే రబ్బరు చెట్టు కొమ్మలవంటివి. వానను తిట్టుచు కూర్చుండినవారు వీనిని కనుగొనలేదు. పల్లెలలో పశువుల కాపరి కప్పుకొను గొంగళియు, యూరియా బస్తాను ఒక మూల లోనికి మడిచి తలపై వేసికొను కూలివాని యుక్తియు ఈ కోవలోనివే. వాన ఆగవలెనని వీరు పంతము పట్టలేదు. వానలో పని సాగు ఉపాయము చూచిరి.

విద్యార్థికిని అట్టి ఉపాయములు అందుబాటులోనే యున్నవి. వానిలో పెక్కింటికి వ్యయము స్వల్పము. శ్రద్ధ మాత్రము వలయును. పుస్తకములు తడియునను దిగులు తొలగించుకొనుట మొదటి పని. సంచిలోనే ఒక మందపు పాలిథీను సంచి నుంచి, పుస్తకములను దానిలో పెట్టి మూతి బిగించిన చాలును. పొడిబట్టల జత యొకటి, చిన్న తుండుగుడ్డ యొకటి దానిలోనే యుంచవలెను. చక్రములపై మడ్‌గార్డులు లేనిచో పైనుండి పడు వానకంటె క్రిందనుండి చిమ్ము బురదయే వీపును ఎక్కువగా పాడుచేయును. కావున వానిని వానలకు ముందే బిగించుకొనవలెను. అరిగిన బ్రేకు రబ్బరులు మార్పించుకొనవలెను. తడిసిన గొలుసును తుడిచి రెండు చుక్కలు నూనె వేసిన త్రుప్పు పట్టదు. ఇవన్నియు రాత్రియే సిద్ధమై యున్నచో, ఉదయమున మనసుకు సాకు దొరకదు. సోమరితనమునకు బలము దానిలో లేదు. వెదకిన దొరకని వానకోటులోను, గాలి లేని చక్రములోను ఉన్నది.

గొడుగు విషయమై ఒక మాట చెప్పవలెను. ఒక చేత గొడుగు పట్టి, ఒక చేత సైకిలు నడుపుట పెక్కుచోట్ల కనబడును. ఇది ప్రమాదకరము. గాలి విసరినప్పుడు గొడుగు తెరచాపవలె లాగును. బ్రేకు పట్టవలసిన చేయి ఖాళీగా నుండదు. ముందు వచ్చు బండియు కనబడదు. నడచువానికి గొడుగు మేలు. సైకిలుపై పోవువానికి వానకోటే మేలు. ఆ కోటు పసుపు, నారింజ వంటి మెఱయు రంగులలో నున్నచో మసక వెలుతురులో లారీ నడుపువానికి దూరమునుండియే కనబడును.

తడిబాట తీరు కూడ తెలిసి యుండవలెను. చాలనాళ్ళకు పడిన తొలివానలో బాట మిక్కిలి జాఱును; ఎండిన దుమ్మును, బండ్లనుండి కాఱిన నూనెయు నీటితో కలిసి పైపొరగా తేలును. రోడ్డుపై వేసిన తెల్లని గీతలు, ఇనుప మూతలు, రైలు పట్టాలు తడిసినప్పుడు నునుపెక్కును. వానిపై మలుపు తిప్పరాదు, గట్టిగా బ్రేకు వేయరాదు. చక్రపు అంచు తడిసియున్నప్పుడు బ్రేకు వెంటనే పట్టదు. ముందుగా నెమ్మదిగా అదిమి నీటిని తుడిచి, పిమ్మట ఆగవలెను. నిలిచిన నీటి అడుగున గుంత యున్నదో, రాయి యున్నదో పైకి తెలియదు. కావున నీటిని చిమ్ముచు పోవుట వినోదముగా తోచినను వివేకము కాదు.

"ఇన్ని చెప్పినను, వానలో తడిసిన జ్వరము రాదా?" అని తల్లులు అడుగుదురు. ఆ ప్రశ్న ప్రేమనుండి పుట్టినది, దానిని త్రోసివేయరాదు. జలుబును కలిగించునవి వైరసులు. అవి ఒకరినుండి ఒకరికి వ్యాపించును. వాన చినుకు తనంతట తాను జలుబును పుట్టింపదు. అయినను తడిబట్టలతో గంటలకొలది తరగతిలో కూర్చుండిన దేహము చల్లబడి బాధపడును. చదువు తల కెక్కదు. పొడిబట్టల జత అవసరమైనది అందుకే. మురుగు కలిసిన వరదనీటి విషయము వేఱు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చుటకు అవకాశము కలదు. కాలికి గాయమున్నవారు అట్టి నీటిలో అడుగు పెట్టరాదు. జ్వరముతో నున్న బిడ్డను, ఉబ్బసముతో బాధపడు బిడ్డను వానలోనికి పంపుట పట్టుదల అనిపించుకొనదు.

ఇంతవఱకు చెప్పినది పోవలసిన వానను గూర్చి. ఆగవలసిన వానను గూర్చి చెప్పనిచో ఈ మాట సగమే యగును. ధైర్యమునకు హద్దు తెలియనిచో అది మూర్ఖత్వమగును. ఉరుములు, మెఱుపులు ఉన్నప్పుడు సైకిలుపై బయట నుండరాదు. మెఱుపు కనబడిన పిమ్మట ఉరుము వినబడువఱకు అంకెలు లెక్కింపవలెను. ధ్వని ఇంచుమించు మూడు సెకనులకు ఒక కిలోమీటరు ప్రయాణించును. లెక్క ముప్పది చేరకముందే ఉరుము వినబడినచో పిడుగు పడు ప్రమాదము దగ్గఱ నున్నదని గ్రహించి, పక్కా ఇంటిలోనికి చేరవలెను. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట గడచువఱకు బయటికి రాకుండుట మేలు. చెట్టు క్రింద నిలుచుట అన్నింటికంటె అపాయము. సైకిలు టైర్లు రబ్బరువి కనుక పిడుగు ఏమియు చేయదను నమ్మకము శుద్ధ అబద్ధము.

రెండవ హద్దు వాగు. ఊరికిని బడికిని నడుమ వాగుండి, దానిపై చప్టా మాత్రమే యున్న త్రోవలు తెలుగునాట పెక్కులు. చప్టాపై నీరు ప్రవహించుచున్నప్పుడు అది ఎంత లోతో, అడుగున చప్టా నిలిచి యున్నదో కొట్టుకొనిపోయినదో ఒడ్డున నిలిచినవానికి తెలియదు. వడిగా పాఱు నీరు అరయడుగు లోతున్నను ఎదిగిన మనుష్యుని కాళ్ళను తప్పింపగలదు. సైకిలుతో నున్న బాలు డెంత? నిన్న దాటినవారున్నారని నేడు దాటరాదు. ముందు పోవు మోటారుబండి దాటినదని వెనుక పోరాదు. మూడవ హద్దు తుపాను. తీరమున తుపాను హెచ్చరిక వచ్చిన దినమున బడి లేకున్నను, ఉన్నను, ఇంట నుండుటయే కర్తవ్యము. ఈ మూడు హద్దుల యెదుట వెనుకకు తిరిగినవానిని పిఱికివాడని ఎవ్వరును అనరాదు. ఆ దినమున తప్పిన పాఠమును మఱునాడు నేర్చుకొనవచ్చును. వాగులో పోయిన ప్రాణము తిరిగి రాదు.

ఈ హద్దులను కూడ గడపలో కాక ముందుగానే నిర్ణయించుకొనుటలోని మేలు ఇక్కడ కనబడును. పోవలెనను పంతములో నున్నవానికి వాగు చిన్నదిగా కనబడును. పోకూడదను సోమరితనములో నున్నవానికి చినుకు వాగుగా కనబడును. ముందు చేసికొన్న నిశ్చయము ఈ రెండు మోసములనుండియు కాపాడును. ఒకే నియమము ఒకనాడు "పద" అనును, ఒకనాడు "ఆగు" అనును. రెంటియందును విద్యార్థి దానికి కట్టుబడి యుండవలెను.

మఱియొక సహాయము స్నేహితులు. ఒక్కడై పోవునప్పుడు బరువైన వాన, నలుగురు కలిసినప్పుడు ఆటయగును. ఒకడు ఇంటి ముందు నిలిచి గంట మ్రోగించుచుండగా రెండవవానికి దుప్పటిలో దాగుట సిగ్గుగా నుండును. చక్రము పంచరైనచో నెట్టుటకు తోడుండును. వాగు పొంగినచో ఆగుమని చెప్పుటకును ఒక నోరుండును. అయితే నలుగురు కలిసినప్పుడు ఒకరిని చూచి ఒకరు సాహసమునకు పోవుటయు కలదు. కావున జట్టులో ఆగుమన్నవాని మాటయే చెల్లవలెనని నియమ ముండుట మంచిది.

ఇదంతయు పిల్లల పట్టుదలపైననే ఆధారపడినదని పెద్దలు ఊరకుండరాదు. తడిసి ముద్దయై పది నిమిషములు ఆలస్యముగా వచ్చిన బిడ్డను తరగతి గుమ్మమున నిలువబెట్టి దండించినచో, మఱునాడు ఆ బిడ్డ ఇంటనే యుండును. వానలో వచ్చినవానికి మొదట దొరకవలసినది తుండుగుడ్డయు, ఒక మంచి మాటయు. సైకిళ్ళు నిలుపుటకు రేకుల పాకయు, తడిబట్టలు ఆఱవేయుటకు ఒక దండెమును బడిలో నుండవలెను. గుంతలు పూడ్చుట, చప్టా ఉన్నచోట ఎత్తైన వంతెన కట్టించుట పంచాయతీలును, ప్రభుత్వమును చేయవలసిన పనులు. పిల్లవాడు ధైర్యమును సమకూర్చుకొనవలెననుట న్యాయమే. పెద్దలు దారిని సమకూర్పవలెననుట అంతకంటె న్యాయము.

బాలికల విషయమున ఈ న్యాయము మఱింత ముఖ్యము. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరిగినప్పుడు, కలెక్టరు షీలా రాణి చుంకత్ ప్రోత్సాహమున వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. 2006లో బీహారు ప్రభుత్వము ఉన్నత పాఠశాలలో చేరు బాలికలకు సైకిళ్ళు ఇచ్చుట ప్రారంభించెను. ఆ పథకమును కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికవేత్తలు పరిశోధించిరి. ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య సుమారు మూడవవంతు పెరిగినదనియు, బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న గ్రామములలోనే ఈ మేలు ఎక్కువగా కనబడినదనియు వారు తేల్చిరి. ఆంధ్రప్రదేశ్‌లోను తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళు పంచినది. దూరమను అడ్డును సైకిలు తొలగించినది. ఆ తొలగిన అడ్డు వానకాలమున మఱల లేచి నిలువకుండ చూచుట అందఱి బాధ్యత. బాలుడు వానకు ఇంట నిలిచిన ఒక పాఠము తప్పును. బాలిక నిలిచినచో, "ఇక బడి ఏల?" అను మాట ఇంటిలో పుట్టుటకు అవకాశము కలదు. ఆమె సంచిలోని పాలిథీను కవరు, పొడిబట్టల జత, ఇంటి ముందు గంట మ్రోగించు స్నేహితురాలు - ఇవి చిన్న వస్తువులుగా, చిన్న విషయములుగా కనబడవచ్చును. ఒక చదువు నిలిచియుండుటకు ఒక్కొక్కప్పుడు ఇవియే ఆధారములు.

వాన ఎవరి పక్షమును వహింపదు. చెఱువు నింపునదియు అదియే, బాట చెఱపునదియు అదియే. దానిని వలదనుట రైతుబిడ్డకు తగదు; దానికి లొంగి కూర్చుండుట విద్యార్థికి తగదు. ఉత్సాహము వచ్చిన పిమ్మట బయలుదేరుదునని కాచియుండువాడు వాన వెలియువఱకు కాదు, వానకాలము వెలియువఱకు కాచియుండును. రాత్రియే సంచి సర్దుకొని, బ్రేకులు చూచుకొని, హద్దులు తెలిసికొని నిద్రించినవాడు ఉదయమున ఉత్సాహమును వెదకడు. అతడు సైకి లెక్కును. పొలిమేర దాటునప్పటికి ఉత్సాహమే అతనిని కలిసికొనును.